మచ్చుకి ఒక రేకు

సోమవారం పొద్దున్న ఆరింటికి రాధాకృష్ణమూర్తి అరుగుమీద కూర్చుని, చింపిన క్యాలెండరు కాగితం వెనక ఆ రోజు కార్యక్రమం రాసుకున్నాడు. ఎనిమిదింటికి రేకుల మేస్త్రి రావడం. పదింటికల్లా అయిదు రేకులూ బిగించడం. పన్నెండింటికి భోజనం. ఒంటిగంట నుంచి మూడింటిదాకా నిద్ర. వీటిలో రాసినట్టు జరిగినవి చివరి రెండే.

శనివారం సాయంత్రం కొట్టిన గాలివాన ప్రత్తిపాడులో రెండు వీధుల్ని పట్టుకుని వాయించి, మిగతా ఊరిని వదిలేసింది. ఆ రెండిటిలో మూర్తిగారి వీధి ఒకటి. పెరటి షెడ్డుమీది సిమెంటు రేకులు అయిదు లేచిపోయాయి. రెండు పక్కింటివాళ్ళ గడ్డివామి మీద దొరికాయి, ఒకటి రోడ్డుమీద పడి ముక్కలైంది, తక్కిన రెండూ ఏమయ్యాయో ఇవాళ్టికీ తెలియదు.

పేరుకి షెడ్డు మూర్తిగారిది గానీ, అందులో పెత్తనమంతా ఆయన భార్య సుబ్బలక్ష్మిది. మూడేళ్ళుగా ఆవిడ మిరపకాయలు కొని, తొడిమలు తీయించి, ఎండబెట్టి, కారం పట్టించి కిలోల లెక్కన అమ్ముతోంది. కారం పట్టే మిషను షెడ్డు నేలకి బోల్టులేసి బిగించి ఉంది. ఈ ఏడు మొదటిసారి పెద్ద ఆర్డరు వచ్చింది. గుంటూరులో ఒక హాస్టలు మెస్సువాళ్ళు రెండువందల కిలోలు అడిగారు. శనివారానికి సరుకు అందాలి. నచ్చితే నెలనెలా తీసుకుంటామన్నారు. ఆవిడ తను దాచుకున్న డబ్బుతో ఎనిమిది సంచుల కాయ కొనిపెట్టుకుంది. ఇంతలో ఈ గాలి.

గాలి తగ్గగానే మొగుడూ పెళ్ళాలు సంచులన్నీ ఇంట్లోకి లాగారు. వసారాలో నాలుగు, పడగ్గదిలో మూడు, దేవుడి మందిరం ముందు ఒకటి. అప్పట్నుంచీ ఇంట్లో మాటకి రెండు తుమ్ములు. తుమ్ముల సంగతి సరే, మూసిన గదుల్లో కాయ ఎన్నాళ్ళో ఉండదు, చెమ్మ పట్టి మెత్తబడిపోతుంది. మిషనుకి పట్టా కప్పారు గానీ దాన్ని ఇంట్లోకి తేలేరు. ఇవి చాలనట్టు గురువారం సాయంత్రం మళ్ళీ వాన ఉందని టీవీలో చెప్పారు. కాబట్టి గురువారంలోగా షెడ్డుకి కప్పు పడాలి. పడకపోతే ఆర్డరూ పోతుంది, ఆవిడ దాచుకున్నదీ పోతుంది.

"రంజాన్‌కి కబురు పెట్టాను. ఎనిమిదింటికి వస్తానన్నాడు," అంది సుబ్బలక్ష్మి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"రానీ. కానీ తొందరపడకూడదే. గాలివాన తర్వాత ఎలాంటివాళ్ళు దిగుతారో నీకు తెలియదు. వాడరేవు వైపు ఒకడు రేకులేస్తానని ఇంటింటికీ అడ్వాన్సు తీసుకుని చెక్కేశాడట. ఇంకోచోట పాత రేకులకి రంగేసి కొత్తవని వేశారట. పొద్దున్నించి నాలుగు మెసేజీలొచ్చాయి."

"వాళ్ళెవరో మోసం చేస్తే రంజానేం చేశాడండీ? మన దగ్గర పనిచేసే గుల్షన్ మొగుడు. మనమెరిగిన పిల్లాడు."

"మోసం చేస్తాడని నేనన్నానా? చెయ్యడని తెలుసుకోవాలన్నాను," అన్నాడు మూర్తి. ఇది ఆయన ధోరణి.

ఈ ధోరణి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. రాధాకృష్ణమూర్తి ముప్ఫై నాలుగేళ్ళు గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషను కొట్లో గుమాస్తాగా పనిచేశాడు. ఏ సంచైనా సరే, మూతి విప్పి, మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి, పైనుంచి గుప్పెడు, నడిమి నుంచి గుప్పెడు, అడుగు నుంచి గుప్పెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి, ఆ తర్వాతే ధర మాట ఎత్తేవాడు. ఆ గుప్పెడునే మచ్చు అంటారు. మచ్చుకి రైతు డబ్బు అడగడు, కొనేవాడు ఇవ్వడు. అది యార్డు పద్ధతి. రిటైరై నాలుగేళ్ళయినా ఆ పద్ధతి ఆయన్ని వదల్లేదు. పెళ్ళిభోజనాల్లో కూడా ముందు వేలితో కాస్త రుచి చూసి, తల ఊపి, అప్పుడు వడ్డించమనేవాడు.

రంజాన్ చెప్పిన టైముకంటే ముందే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. షెడ్డెక్కి అటూ ఇటూ చూసి దిగాడు. అతని భార్య గుల్షన్ అప్పటికే వసారాలో సుబ్బలక్ష్మి పక్కన కూర్చుని తొడిమలు తీస్తోంది.

"అయిదే పంతులుగారూ. రేకులూ తెప్పించి పెట్టారు. సాయంత్రానికి అయిపోద్ది," అన్నాడు.

"అవుతుందిలే. ముందు ఒక్క రేకు వెయ్యవయ్యా, చూస్తాను."

"ఒక్కటెందుకండీ? ఆ చివర్నించి మొదలెట్టి ఒకదాని మీదొకటి ఎక్కించుకుంటా రావాల. లేకపోతే..."

"ఒక్కటి. ఆ పైమూల. మచ్చుకి."

రంజాన్ పంతులుగారి మొహం చూశాడు. పెద్దాయన. పైగా గుల్షన్ పనిచేసే ఇల్లు. సరేనని ఒక్క రేకు పైకెత్తి, కన్నాలు వేసి, బోల్టులు బిగించి దిగాడు. దానికి గంటన్నర పట్టింది. మూర్తి కర్రతో రేకుని నాలుగుచోట్ల కొట్టి చెవి పెట్టి విన్నాడు. నిచ్చెన రెండు మెట్లెక్కి చెంబుతో నీళ్ళు పోసి, కిందకి దిగి చూశాడు. చుక్క కారలేదు.

"భేష్. పనివాడివేనయ్యా. రేపు చెబుతాను."

"రేపేంటండీ? నిచ్చెన ఇక్కడే ఉందిగా. మిగతా నాలుగూ వేసేస్తే ఒక పని అయిపోద్ది."

"ఒక్క కొట్లో మచ్చు చూసి బేరం తెంచేసే రకం కాదయ్యా నేను. రేపు కబురు చేస్తాను."

రంజాన్ గుల్షన్ వంక చూశాడు. గుల్షన్ సుబ్బలక్ష్మి వంక చూసింది. సుబ్బలక్ష్మి మొగుడి వంక చూడాల్సిన పద్ధతిలో చూసింది గానీ, ఆయన అప్పటికే ఫోనులో ఇంకో మేస్త్రి నంబరు వెతుక్కుంటున్నాడు. రంజాన్ కూలి అడగలేదు, పనంతా అయ్యాక ఒకేసారి తీసుకోవచ్చనుకున్నాడు. మూర్తికి ఇవ్వాలని తోచలేదు. మచ్చుకి డబ్బులిచ్చిన మనిషిని ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

మధ్యాహ్నం మూర్తి నిద్ర లేచాక రెండో మేస్త్రి షఫీక్ వచ్చాడు. పర్చూరు మనిషి, గాలివాన పనులున్నాయని ప్రత్తిపాడులో అత్తగారింట్లో దిగి ఉన్నాడు. మాటకారి. "ఒక్క రేకేంటి సార్, మీరు చూస్తా ఉండండి, కాఫీ తాగేలోపు షెడ్డు మొత్తం లేపేస్తా," అన్నాడు. మూర్తి అతన్ని ఆపి, నడుమ ఒక్కటి మాత్రం వేయించాడు. కర్రతో కొట్టాడు, నీళ్ళు పోశాడు, భేష్ అన్నాడు, రేపు చెబుతానన్నాడు.

"ఏవండీ, ఇదేం పద్ధతండీ?" అంది సుబ్బలక్ష్మి, షఫీక్ గేటు దాటగానే.

"పైనుంచి ఒకటి చూశాం, నడుమ ఒకటి చూశాం. అడుగుది చూడొద్దూ?"

"అది మిరపకాయల సంచి కాదండీ, ఇంటి కప్పు!"

"ఏదైనా ఒకటేనే. చూసి తీసుకోవడం, చూడకుండా తీసుకోవడం. ఉన్నవి రెండే రకాలు," అని తుమ్మాడు మూర్తి.

మంగళవారం పొద్దున్న అడుగు మచ్చు పడింది. వేసినవాడు బుల్లయ్య. మనిషి చాలా నెమ్మది, పలకరిస్తే నవ్వుతాడు, పలకరించకపోయినా నవ్వుతాడు. చూరు దగ్గర ఒక రేకు వేసి, నవ్వి, "రేపు" అనగానే అలాగేనని నవ్వుతూ వెళ్ళిపోయాడు. మూర్తి ఆ మూడింటినీ కుర్చీ వేసుకుని గంటసేపు చూశాడు. మూడూ బాగున్నాయి. అదే వచ్చిన చిక్కు. యార్డులో మూడు మచ్చుల్లో ఒకటైనా తాలుకాయ ఉండేది, తేడా తెలిసేది. ఇక్కడ తేడా తెలియక నాలుగో మేస్త్రికి ఫోను చేశాడు.

ఆ నాలుగో మేస్త్రి సంతోషకుమారి. భర్త పోయాక అతని పనిముట్లు తనే అందుకుని, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని రేకుల పని చేస్తోంది. పని మంచిది, నోరు ఇంకా మంచిది. రేకు బిగించి, నిచ్చెన దిగి, జేబులోంచి ఫోను తీసింది.

"నేనేసిన ప్రతి రేకూ ఫోటో తీసుకుంటానండీ. రేపెవరన్నా కాదంటే చూపించడానికి. జరగండి కాస్త."

మూర్తి జరగలేదు. కర్ర చంకలో పెట్టుకుని, ఉత్తరీయం సర్దుకుని, రేకు ముందు నిలబడి చిరునవ్వు నవ్వాడు. ఫోటో చాలా బాగా వచ్చింది.

"మిగతా ఒక్కటీ వేసేస్తే పోద్ది కదండీ?"

"రేపు చెబుతానమ్మా."

"ఎప్పటి రేపండీ?" అంది సంతోషకుమారి. మూర్తి దాన్ని హాస్యమనుకుని నవ్వాడు.

ఆ సాయంత్రం నలుగురు మేస్త్రులూ బస్టాండు దగ్గరి ఇనుప సామాన్ల కొట్లో బోల్టుల కోసం కలిశారు. ముందు షఫీక్ మొదలెట్టాడు, "ఇక్కడొక పెద్దాయన ఉన్నాడబ్బా, ఒక్క రేకు వేయించుకుని రేపు రమ్మన్నాడు," అని. బుల్లయ్య నవ్వడం ఆపేశాడు. "కర్రతో కొట్టి నీళ్ళు పోశాడా?" అని అడిగాడు. సంతోషకుమారి వేళ్ళు మడిచి లెక్కేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"అయిదుకి నాలుగు ఊరకనే వేయించుకున్నాడ్రా నాయనా! ఆ అయిదోదానికి ఎవడి కొంప ముంచుతాడో!"

"పంతులుగారు అట్టాంటోరు కాదక్కా," అన్నాడు రంజాన్.

"నీకు కూలిచ్చాడా?"

రంజాన్ బోల్టులు ఏరుకోవడంలో పడ్డాడు. సంతోషకుమారి ఫోను తీసింది.

బుధవారం పొద్దున్న మూర్తి ఇడ్లీ తింటుండగా ఊరి గ్రూపులో మెసేజీ వచ్చింది. "గాలివాన తర్వాత కొత్త రకం మోసం! ఈ ఫోటోలో వ్యక్తి పెద్దమనిషిలా తీయగా మాట్లాడి, పని చేయించుకుని, రేపు రా అంటాడు. ఆ రేపు ఎప్పటికీ రాదు. జాగ్రత్త! పదిమందికి పంపండి." కింద ఫోటో మసగ్గా ఉంది. డేటా అయిపోతుందని మూర్తి ఫోటోలు తెరవడు.

"చూశావా! నేను చెప్పలా? ఎలాంటి దగుల్బాజీలున్నారో లోకంలో!" అన్నాడు.

అని ఊరుకున్నాడా? ఊరుకుంటే ఈ కథే లేదు. దాన్ని తనకున్న ఏడు గ్రూపుల్లోకీ పంపాడు. స్నేహితుల గ్రూపు, యార్డు గుమాస్తాల గ్రూపు, గుడి గ్రూపు, ఏదీ వదల్లేదు. కింద తన మాటగా, "ఇలాంటివాళ్ళని ఊళ్ళో అడుగు పెట్టనివ్వకూడదు. ఇట్లు, రాధాకృష్ణమూర్తి, ప్రత్తిపాడు" అని కూడా చేర్చాడు. ఊరి గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. ఏమనాలో వాళ్ళకి తోచి ఉండదు.

ఆ తర్వాత ఆయన తీరిగ్గా ఒక నిర్ణయానికొచ్చాడు. నాలుగు మచ్చుల్లోనూ రంజాన్‌దే మెరుగు. ఫోను చేస్తే రంజాన్ ఎత్తలేదు. షఫీక్ కట్ చేశాడు. బుల్లయ్య ఎత్తి, అచ్చంగా బుల్లయ్య గొంతుతోనే "రాంగ్ నంబరండీ" అని పెట్టేశాడు. సంతోషకుమారి మాత్రం మర్యాదగా మాట్లాడింది. "మా దగ్గర మచ్చు అయిపోయిందండీ," అంది.

"ఏమొచ్చిందే వీళ్ళకి?" అన్నాడు మూర్తి.

ఆ రోజు గుల్షన్ పనిలోకి రాలేదు. జ్వరమని కబురొచ్చింది. సుబ్బలక్ష్మి పడగ్గదిలో సంచి మూతి విప్పి చెయ్యి పెట్టింది. నిన్నటిదాకా గలగలలాడిన కాయ వేళ్ళకి మెత్తగా తగిలింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఘాటు వల్ల వచ్చినవి కావు.

"రేపు సాయంత్రం వాన. ఇంకొక్క రేకు. ఎవరి కాళ్ళయినా పట్టుకోండి. నేను ఆ మెస్సువాళ్ళకి మాటిచ్చాను," అంది.

అదే సమయానికి తెల్లకారు ఒకటి గేటు ముందు ఆగింది.

కారులోంచి దిగినవాడు నాగేంద్రబాబు. మెళ్ళో ఫోటో ఉన్న కార్డు, చేతిలో రసీదు పుస్తకం, చంకలో చిన్న పెట్టె. వెనకాలే పక్కింటాయన కూడా వచ్చాడు. "మన వీధిలో పదకొండిళ్ళు ఈయనకే ఇచ్చామండీ మూర్తిగారూ. రేపు పొద్దున్న లారీ వస్తుందట. నిన్ననే మన గ్రూపులో కూడా చేర్చాను ఈయన్ని," అని పరిచయం చేసి వెళ్ళిపోయాడు.

"అడ్వాన్సు సగం సార్. రేపు పదింటికల్లా మీ షెడ్డు రెడీ," అన్నాడు నాగేంద్రబాబు.

"మచ్చు చూడనిదే నేను..." అని మూర్తి మొదలుపెట్టేలోపే నాగేంద్రబాబు పెట్టె తెరిచాడు. లోపల ఎర్ర మఖమల్ గుడ్డ మీద, జానెడు పొడవున, నిగనిగలాడుతూ రేకు ముక్క. మూర్తికి ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకి పద్ధతి తెలిసిన మనిషి దొరికాడు. ముక్కని అరచేతిలో పెట్టి తూచాడు, గోటితో గీశాడు, ఆఖరికి వాసన కూడా చూశాడు.

"ఇది మచ్చంటే!" అన్నాడు.

"ఏవండీ, ఈయనెవరో, ఏ ఊరో..." అంది సుబ్బలక్ష్మి.

"నువ్వుండవే. సరుకు చూశావా!"

ఊరివాడూ, తెలిసినవాడూ అయిన రంజాన్‌ని నమ్మడానికి నాలుగు రుజువులు వెతికిన మనిషి, పెట్టెలోంచి తీసిన జానెడు ముక్కని చూసి బీరువా దగ్గరికి నడిచాడు. డబ్బు తీసుకుని వచ్చేసరికి నాగేంద్రబాబు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఫోను చూశాడు. తలెత్తి మూర్తిని చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. అతని మొహంలో రంగులు మారాయి.

"సార్, మీ పేరు రాధాకృష్ణమూర్తిగారాండీ?"

"అవును. ఇదిగో అడ్వాన్సు."

నాగేంద్రబాబు లేచి నిలబడ్డాడు. పెట్టె మూసి గుండెకి హత్తుకున్నాడు. "వద్దు సార్. మీరేదో పెద్ద ప్లానులో ఉన్నారు. మేమేదో చిన్నగా బతుకుతున్నాం, మమ్మల్ని వదిలెయ్యండి," అని వెనక్కి వెనక్కి నడిచి, గేటు తగిలి తూలి, కారెక్కాడు. చిటికెలో కారు వీధి మలుపు తిరిగింది.

మూర్తి చేతిలో డబ్బుతో వాకిట్లో నిలబడిపోయాడు. "డబ్బిస్తానంటే పారిపోతాడేమిటే?"

జవాబు గుల్షన్ దగ్గర ఉంది. జ్వరం ఉత్తిదే. ఇంట్లో కూర్చోలేక, రాకుండా ఉండలేక, మధ్యాహ్నం కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి, సుబ్బలక్ష్మి చేతికి తన ఫోను ఇచ్చింది. "మీరేమీ అనుకోబాకండమ్మా. మీకు తెలియకుండా ఉండకూడదని తెచ్చాను," అంది. ఫోటో పెద్దగా, స్పష్టంగా ఉంది. కర్ర, ఉత్తరీయం, చిరునవ్వు. పైన "కొత్త రకం మోసం." కింద "ఇలాంటివాళ్ళని ఊళ్ళో అడుగు పెట్టనివ్వకూడదు. ఇట్లు, రాధాకృష్ణమూర్తి, ప్రత్తిపాడు."

మూర్తి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. తుడిచినందువల్ల లాభం లేకపోయింది.

"నేను మోసగాణ్ణా?" అన్నాడు. "యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు చేశాను. ఒక్క కాయ జేబులో వేసుకుని ఎరుగుదునా?"

"రంజాన్‌కి కూలిచ్చారా?" అంది సుబ్బలక్ష్మి.

"మచ్చుకి..."

"మచ్చా? గుప్పెడు కాయ తీస్తే సంచిలో ఇంకా బోలెడు కాయ ఉంటుందండీ. వాడి పూట పోతే వాడికి ఇంకో పూట ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ సోమవారం పొద్దున్న ఇంకొకళ్ళింట్లో పనిచేసుకుంటే నాలుగు డబ్బులొచ్చేవి. మనల్ని నమ్మి వచ్చాడు."

గుల్షన్ తలొంచుకుని తొడిమలు తీస్తోంది. మూర్తి ఆమె వంక చూడలేకపోయాడు. ఎవరో మోసం చేస్తారని భయపడి భయపడి, నలుగురి కష్టం ఊరికే తిన్నాడు. తిన్నానని కూడా తనకి తెలియలేదు. చెప్పులేసుకుని, అడ్వాన్సుకని తీసిన ఆ డబ్బుతోనే ఎండలో బయల్దేరాడు.

రంజాన్ ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మూర్తిని చూసి లేచాడు.

"రంజానూ, నాదే తప్పు. నీ కష్టాన్ని మిరపకాయలాగా చూశాను. ఇదిగో నీ కూలి. తిట్టాలంటే తిట్టు, పడతాను."

"అయ్యో, తిట్టడమేంటి పంతులుగారూ! కూర్చోండి," అని రంజాన్ కంగారుపడ్డాడు. డబ్బు కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఒక్క రేకూ వేసెయ్యి నాయనా. రేపు వాన."

రంజాన్ తల గోక్కున్నాడు. "ఆ మాటే చెబుదామనుకున్నా ఆ రోజు. ఒక్క రేకు ఇప్పుడు పట్టదండీ. ప్రతి రేకూ ఒక పక్క కిందికీ, ఒక పక్క పైకీ పోవాల. మీరు పైనొకటి, నడుమొకటి, చూర్లో ఒకటి వేయించారు. అయిదోది దూరాలంటే ఆ నాలుగూ ఊడదీసి, చివర్నించి మళ్ళీ వేసుకుంటా రావాల. రేపు సాయంత్రంలోగా నా ఒక్కడివల్ల కాదు. నలుగురం ఉండాల."

అంటే మూడురోజులుగా ఆయన కప్పు వేయించుకోలేదు, ఊడదీయడానికి కప్పు పెట్టించుకున్నాడన్నమాట. అక్కడే చతికిలబడ్డాడు. రంజాన్ మంచినీళ్ళిచ్చి, "పదండి, నేనూ వస్తా," అన్నాడు.

షఫీక్ అత్తగారింట్లో పెద్దగా గొడవ జరగలేదు. డబ్బు చూసి, "మా అత్తగారి ముందు ఇంత మర్యాదగా నాకెవరూ ఇవ్వలేదు సార్," అని ఒప్పుకున్నాడు. బుల్లయ్య మళ్ళీ నవ్వాడు. సంతోషకుమారి దగ్గర మాత్రం మూర్తి వాకిట్లో పావుగంట నిలబడ్డాడు. ఆమె డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

"రేపటి కూలి?"

"రేపు పని అయ్యాక..."

"రేపు అనే మాట మీ నోట వినబడకూడదు," అంది సంతోషకుమారి. మూర్తి నోరు మూసుకుని రేపటి కూలి కూడా చేతిలో పెట్టాడు. నలుగురికీ అలాగే ముందే ఇచ్చాడు. నలుగురికీ ఆ అడ్వాన్సు తీసుకుని పారిపోవడానికి బోలెడు అవకాశం ఉంది. ఆ రాత్రి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది గానీ, భార్యకి చెప్పే ధైర్యం లేకపోయింది.

గురువారం పొద్దున్న ఏడింటికి నలుగురూ వచ్చారు. నాలుగు రేకులూ దించారు. దించుతుంటే ఒకరి పని ఒకరికి కనబడింది. ఇక చూడండి. షఫీక్ బోల్టులు పొట్టివని సంతోషకుమారి అంది. సంతోషకుమారి కన్నాలు పెద్దవని షఫీక్ అన్నాడు. బుల్లయ్య వాషర్లు వెయ్యలేదని ఇద్దరూ అన్నారు. రంజాన్ మధ్యలో పడి, "మీరిట్టా పోట్లాడుకుంటే మన బతుకులు వానలోనే," అని అరిచాడు. మూర్తి కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. కర్ర తేలేదు. చెంబు ముట్టుకోలేదు.

"మాట్లాడరేంటండీ పెద్దాయనా? బాగుందా లేదా?" అంది పైనుంచి సంతోషకుమారి.

"నాకేం తెలుసమ్మా. మీరు చూసుకోండి," అన్నాడు మూర్తి. ఆ మాట ఆయన నోట పెళ్ళయిన ముప్ఫై అయిదేళ్ళలో సుబ్బలక్ష్మి వినడం అదే మొదటిసారి.

నాలుగింటికి తూర్పున మబ్బు కమ్ముకొచ్చింది. గాలి లేచింది. అయిదో రేకు అయిదింటికి పైకెళ్ళింది. గుల్షనూ సుబ్బలక్ష్మీ కలిసి ఒక్కో సంచినీ మెడపట్టి షెడ్డులోకి లాగడం మొదలుపెట్టారు. కప్పు పూర్తికాకముందే లాగుతున్నారేమిటని మూర్తి అడగబోయి ఊరుకున్నాడు. చివరి బోల్టు రంజాన్ బిగిస్తుండగానే చినుకులు పడ్డాయి. నలుగురూ జారుతూ దిగి షెడ్డులోకి దూరారు. వాన దంచి కొట్టింది. రేకులమీద ఆ మోతకి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అందరూ తలలెత్తి చూస్తున్నారు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. ఎక్కడా చుక్క పడలేదు.

సుబ్బలక్ష్మి పట్టా లాగేసి, మిషను మీట వేసింది. షెడ్డంతా ఎర్రటి ఘాటు లేచింది. మేస్త్రులు నలుగురూ, మూర్తీ, గుల్షనూ వరసగా తుమ్మడం మొదలుపెట్టారు. సుబ్బలక్ష్మి తుమ్ముతూనే నవ్వుతోంది. ఆ నవ్వు చూసి మూర్తి ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు.

మెత్తబడిన కాయని ఏరి పక్కన పెట్టగా, మిగిలినదానితో ఆర్డరు సరిగ్గా సరిపోయింది. శనివారం పొద్దున్న రెండువందల కిలోల కారం ఆటోలో గుంటూరు వెళ్ళింది. సాయంత్రానికి మెస్సువాళ్ళు వచ్చే నెలకి కూడా పంపమని ఫోను చేశారు.

నాగేంద్రబాబు లారీ రాలేదు, నాగేంద్రబాబూ రాలేదు. అతని ఫోను మోగడం కూడా మానేసింది. గురువారం వాన ఆ పదకొండిళ్ళలో తడవవలసినవన్నీ తడిపింది. పక్కింటాయన వచ్చి, "మీరొక్కరే వాణ్ణి పసిగట్టి తరిమేశారట కదండీ మూర్తిగారూ! మాకూ ఒక్కమాట చెప్పకూడదా?" అని నిష్ఠూరమాడాడు. నిజం చెబుదామని మూర్తి నోరు తెరిచాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూసేశాడు. ఆ పదకొండిళ్ళకీ రంజాన్‌నీ, షఫీక్‌నీ, బుల్లయ్యనీ, సంతోషకుమారినీ తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. ముందు కూలి ఎంతో మాట్లాడి, ఆ తర్వాతే నిచ్చెన వేయనిచ్చాడు.

రంజాన్ తన మాటగా మేస్త్రుల గ్రూపులో ఒక వాయిస్ మెసేజీ పెట్టాడు. "పంతులుగారు మంచోరు. అందరికీ డబ్బులిచ్చారు. ముందు పెట్టింది పొరపాటు," అని. మూర్తి దాన్ని తన ఏడు గ్రూపుల్లోకీ పంపి, పదిమందికి పంపండని కింద రాశాడు.

రెండు వారాల తర్వాత రాజమండ్రి నుంచి ఆయన బావమరిది ఫోను చేశాడు. "బావా, మోసగాడంటూ నీ ఫోటో మా అపార్టుమెంటు గ్రూపులో వచ్చిందేమిటి?"

"దాని తర్వాత రంజాన్ మాట్లాడింది రాలేదా?"

"ఏ రంజాన్?"

ఫోటో ఆ తర్వాత విశాఖపట్నం మీదుగా శ్రీకాకుళం చేరింది. రంజాన్ వాయిస్ మెసేజీ ఇంకా ప్రత్తిపాడులోనే ఉంది.